ఎరువు తెచ్చుకున్న ఎరుపు

లొంకోచెలో వాన ఏడాదికి తొమ్మిది నెలలు.
మిగతా మూడు నెలలూ వాన గురించిన మాటలు.
రైలు పట్టాల వెనక వీధిలో
రేకుల కప్పు కింద చెక్క ఇల్లు, ఎవరిస్తో పైనెమల్‌ది.
పెరట్లో ఉన్నవన్నీ ఎర్ర పూలే.
ఆయనకు కనబడనిది ఆ ఒక్క రంగే.

పందొమ్మిదో ఏట రైల్వేవాళ్ళు
చుక్కల అట్ట ముందు పెట్టి
"ఇందులో అంకె ఎంత?" అన్నారట.
"చుక్కలున్నాయి" అన్నాడట.
సిగ్నల్ గదికి ఎక్కాల్సిన మనిషి
నలభై ఏళ్ళు గోదాములో
బంగాళాదుంపల బస్తాలు లెక్కపెట్టాడు.

ఈ సంగతి ఆయన చెప్పలేదు.
దుప్పట్లు ఆరేస్తూ సునిల్దా చెప్పింది, ఆయన భార్య.
ఆమెకు ఎర్ర పూలంటే విసుగు.
"ఒక్క పసుపు బంతిని నాటనివ్వడు" అని
కంచె మీదుగా నాకు ఫిర్యాదు.
అందుకే ఏది ఏ ఎరుపో ఆమె చెప్పదు.
ఆ పని పదకొండేళ్ళ నాకు పడింది.

"అమ్మాయీ, కళ్ళు ఓసారి ఎరువివ్వు"
అని కంచె తట్టేవాడు.
ఎరువు సొమ్ము బరువు చేటంటారు గానీ
నా కళ్ళు తేలికే, బడి నుంచి రాగానే ఖాళీ.
కుప్పలో కుళ్ళిన ఆకుల ఎరువు తిరగేస్తూ
ఆయన వింటాడు, నేను చెబుతాను:

సాల్వియా: చలిలో పొయ్యి తలుపు తెరిచినట్టు.
జెరేనియం: టీచరు పేరు పిలిస్తే చెవులు కాలినట్టు.
చిల్కో: నాలుక చివర మెర్కెన్ కారం,
నీళ్ళు తాగినా పోదు, కొంచెం బాగుంటుంది కూడా.
తల ఊపి, ప్రతిదాని దగ్గరా ఒక పుల్ల గుచ్చి
పెన్సిలుతో రాసుకునేవాడు:
పొయ్యి. చెవులు. కారం.
వాన చెరిపేది. మళ్ళీ రాసేవాడు.

ఎందుకివే అని అడిగాను.
"తేనెటీగకు కూడా ఎరుపు తెలియదట, నా చుట్టం.
పికాఫ్లోర్‌కు తెలుసు" అన్నాడు.
బొటనవేలంత పిట్ట, గాల్లో నిలబడి ముక్కు దూరుస్తుంది.
అది ఎక్కడ ఆగితే అక్కడ ఏదో మండుతోందని లెక్క.
నలభై ఏళ్ళు లెక్కలు రాసిన మనిషి కదా.

కొపివే తీగ మాత్రం ఆయన్ను ఏడిపించింది.
కొండ దారిలో దొరికిన గింజ,
మొలకెత్తడానికే ఒక చలికాలం తిన్నది.
లేత కొసల్ని నత్తలు కొరికేవి,
రాత్రిళ్ళు టార్చి పట్టుకుని
ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేసి
పట్టాల అవతల వదిలొచ్చేవాడు.
చంపడు. మర్నాటికి అవే తిరిగొచ్చేవని సునిల్దా అనుమానం.

ఏడో ఏడు, ఏప్రిల్‌లో,
వేలాడే గంటలా ఒక్క పువ్వు.
నాకు పద్దెనిమిది. కంచె తట్టాడు.
వెళ్ళి చూశాను.
తెల్లగా ఉంది. మంచి తెలుపు, మరకైనా లేదు.
ఆయన పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు.
"ఎరుపే" అన్నాను,
"అన్నిటికంటే."

కాసేపు వాన చప్పుడు.
"అమ్మాయీ," అన్నాడు, "నాకు తెలుపు కనబడుతుంది."

నా చెవులు జెరేనియంలయ్యాయి.
ఆయన నవ్వి, నవ్వి, దగ్గి, పీట మీద కూర్చుని
"మరి పోయినేడు గుమ్మం పక్కది?" అన్నాడు.
అది గులాబి రంగు. అది కూడా ఎరుపే అని చెప్పాను.
ఒప్పుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది,
అది ఇప్పటికీ ఒప్పుకోలేదు.

తీగను పీకేస్తాడనుకున్నాను.
పుల్ల మీద ఏమీ రాయకుండా పక్కన గుచ్చాడు.
"ఒకటుండనీ, ఎవర్నీ అడక్కుండా చూసుకోవడానికి."
పికాఫ్లోర్ వచ్చి చిల్కోలన్నీ తిరిగి
దాని ముందు ఒక్క క్షణం ఆగింది,
తాగిందో లేదో నేను చూడలేకపోయాను.

ఆ వారమే సునిల్దా కంచె వెంట
మూడు పసుపు బంతులు నాటింది, అడక్కుండా.
పసుపు ఆయనకు బాగా కనబడుతుంది.
కనబడనట్టే
నీళ్ళు పోశాడు.